ఓడిన్ కాకులు - బాల్డర్ పూలు

ఐస్‌లాండ్ దేశంలో వేసవి రాగానే రోడ్ల అంచున, సముద్రపు ఒడ్డున, పాడుబడిన ఇళ్ళ వాకిళ్ళలో ఒక పువ్వు విరగబూస్తుంది. చూడటానికి మన తెల్ల చామంతికి చెల్లెలిలా ఉంటుంది. నడుమ పచ్చని బొడ్డు, చుట్టూ తెల్లని రేకులు. దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పోయరు. కలుపు మొక్క కిందే లెక్క. కాని దాని పేరు మాత్రం సామాన్యమైనది కాదు. 'బాల్డుర్స్‌బ్రా' అంటారు. బాల్డర్ కనుబొమ అని అర్థం. బాల్డర్ ఆ ప్రాంతాల పూర్వపు దేవుళ్ళలో అందగాడు, అందరికీ ఇష్టుడు. ఆ దేవుళ్ళను కొలవడం మాని క్రైస్తవం పుచ్చుకోవాలని ఆ దేశపు సభ తీర్మానించి వెయ్యేళ్ళు దాటింది. అయినా బడికి వెళ్ళే పిల్లలు ఈ పువ్వును ఈనాటికీ ఆ దేవుడి పేరుతోనే పిలుస్తారు.

నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశాల పాత మతం గురించి మనవారికి అంతగా తెలియదు. తెలియకుండానే మనం ఆ దేవుళ్ళ పేర్లు మాత్రం వారం వారం పలుకుతూనే ఉన్నాం. ఇంగ్లీషు వారాల పేర్లలో వెడ్నెస్‌డే ఓడిన్‌ది, థర్స్‌డే ఉరుముల దేవుడు థోర్‌ది, ఫ్రైడే ఓడిన్ భార్య ఫ్రిగ్‌ది. ఓడిన్ ఒంటికన్నువాడు, కవులకూ మంత్రవేత్తలకూ పెద్ద. థోర్ సుత్తి పట్టినవాడు, రైతులకు దగ్గరివాడు. ప్రేమకూ సంపదకూ అధిదేవత ఫ్రేయా.

క్రీ.శ. 1000 ప్రాంతంలో ఐస్‌లాండ్ జాతీయ సభ ఆల్థింగ్‌లో రెండు మతాల వారికీ తగువు ముదిరింది. పాత మతస్థుడే అయిన థోర్గైర్ అనే పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఆయన కంబళి కప్పుకుని చాలాసేపు పడుకుని ఆలోచించి, లేచి, అందరూ కొత్త మతంలోకి రావలసిందేనని తీర్పు చెప్పాడు. ఇళ్ళలో రహస్యంగా పాత పూజలు చేసుకుంటే తప్పు పట్టవద్దన్నాడు. కొన్నాళ్ళకు ఆ వెసులుబాటు కూడా పోయింది.

గుళ్ళు పోయాయి. పూజారులు పోయారు. పూజావిధానం రాసి పెట్టుకున్న గ్రంథమంటూ లేదు. రెండు వందల ఏళ్ళ పైచిలుకు గడిచాక స్నోరీ స్టుర్లుసన్ (1179-1241) అనే క్రైస్తవ పండితుడు, కవిత్వం రాయాలంటే పాత కథలు తెలియాలి గదా అని 'ఎడ్డా' అనే పుస్తకం రాశాడు. అదే శతాబ్దంలో ఎవరో పేరు తెలియని లేఖకుడు పాత పద్యాలను తోలు కాగితం మీద ఎత్తి రాశాడు. 45 ఆకుల ఆ చిన్న ప్రతి 1643లో ఒక బిషప్ చేతికి వచ్చింది. 1662లో ఆయన దాన్ని డెన్మార్క్ రాజుకు కానుకగా పంపాడు. 1971లో అది ఓడ మీద తిరిగి ఐస్‌లాండ్ చేరినప్పుడు రేవులో జనం కిక్కిరిసి నిలబడి ఎదురుకోలు పలికారు. మనకు ఆ మతం గురించి తెలిసినదంతా ఇలాంటి నాలుగైదు పుస్తకాలు, తవ్వకాల్లో దొరికిన కొన్ని వస్తువులు, ఇంకా పూల పేర్లు, పక్షుల పేర్లు. నా మటుకు నాకు ఈ చివరి రెండే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి.

రెండు కాకులు

ఓడిన్ భుజాల మీద రెండు కాకులు వాలి ఉంటాయి. మన ఊళ్ళలో తిరిగే కాకి కాదు. బొంతకాకి కన్నా కూడా పెద్దది. రెక్కలు చాస్తే ఒక మీటరు దాటుతుంది, గొంతు బొంగురు. ఒకదాని పేరు హూగిన్, అంటే ఆలోచన. రెండోదాని పేరు మూనిన్, అంటే జ్ఞాపకం. పొద్దున్నే ఆయన వాటిని వదిలిపెడతాడు. అవి లోకమంతా చుట్టి వచ్చి, చూసినవీ విన్నవీ ఆయన చెవిలో చెబుతాయి. ఒక పాత పద్యంలో ఓడిన్ తన భయం చెప్పుకుంటాడు. హూగిన్ తిరిగి రాదేమోనని రోజూ దిగులుగా ఉంటుందట. మూనిన్ గురించి అంతకన్నా ఎక్కువ దిగులట. ఆలోచన పోయినా ఫరవాలేదేమో గాని జ్ఞాపకం పోతే ఎలా అని దేవుడంతటివాడికి బెంగ!

దీనికి ఎదురుగా నిలిచే పక్షి ఇంకొకటి ఉంది. దాన్ని గురించి అంతగా ఎవరూ చెప్పుకోరు. ఓడిన్ చెప్పినట్టుగా ఉన్న 'హావమాల్' అనే నీతి పద్యాల్లో 'మరపు కొంగ' అని ఒకటి వస్తుంది. విందుల్లో తాగి కూర్చున్న వాళ్ళ నెత్తిన అది ఎగురుతూ వాళ్ళ తెలివిని దొంగిలిస్తుంది. ఒకసారి ఆ పక్షి ఈకలే సంకెళ్ళయి తననూ కట్టేశాయని ఓడిన్ ఒప్పుకుంటాడు. ఒకవైపు జ్ఞాపకాల కాకి, ఇంకోవైపు మరపు కొంగ. చెరువు గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూసి, పైన అరుస్తూ పోయే కాకిని చూసి ఇంత మాట చెప్పగలిగిన వాళ్ళు మోటు మనుషులు ఎలా అవుతారు? వైకింగులంటే కొమ్ముల టోపీ పెట్టుకున్న దోపిడీదార్లని మనం సినిమాల్లో చూసి అనుకుంటాం. ఆ కొమ్ముల టోపీ కూడా 19వ శతాబ్దపు నాటకాల వాళ్ళు తగిలించినదే.

కాకులతో వాళ్ళకు దగ్గరి పని కూడా ఉండేది. 9వ శతాబ్దంలో ఫ్లోకీ అనే నార్వే నావికుడు ఐస్‌లాండ్ వెతుక్కుంటూ బయలుదేరాడు. దిక్సూచి లేని కాలం. బయలుదేరే ముందు పెద్ద పూజ చేసి, మూడు కాకులను వెంట తీసుకువెళ్ళాడు. సముద్రం మధ్యలో మొదటి కాకిని వదిలితే అది వచ్చిన దారినే వెనక్కి పోయింది. రెండోది ఆకాశంలోకి లేచి, నేల కనిపించక మళ్ళీ ఓడ మీదనే వాలింది. మూడోది ముందుకు దూసుకుపోయింది. అది పోయిన దిక్కుకే ఓడ నడిపాడు, నేల దొరికింది. అక్కడ చేపల వేటలో పడి ఎండుగడ్డి కోసుకోవడం మరచిపోవడంతో చలికాలంలో పశువులన్నీ చచ్చిపోయాయి. కొండెక్కి చూస్తే సముద్రపు పాయ నిండా మంచుగడ్డలు కనిపించాయి. ఆ ఉక్రోషంలో దానికి మంచుదేశం అని పేరు పెట్టాడు. అదే ఐస్‌లాండ్. ఆయన పేరు చరిత్రలో 'కాకుల ఫ్లోకీ' అని నిలిచిపోయింది.

డెన్మార్క్‌లో లైరె అనే పాత రాజధాని దగ్గర 2009లో ఒక వెండి బొమ్మ దొరికింది. ఎత్తు 2 సెంటీమీటర్లు కూడా లేదు. సింహాసనం మీద ఒక దైవమూర్తి, చేతుల ఆనింపుల మీద చెరొక పక్షి. క్రీ.శ. 900 నాటిది. పక్షులను బట్టి ఓడిన్ అన్నారు. కట్టుకున్న బట్టలూ మెడలో పూసలూ ఆడవారివి గనుక ఫ్రేయా అన్నవారూ ఉన్నారు. వేలి గోరంత వెండి ముక్క మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

క్రైస్తవం వచ్చాక కాకి దేవుడి భుజం దిగింది గాని పల్లెను వదలలేదు. శరదృతువులో కాకులు సభ తీరి, ఏ జంట ఏ ఇంటికి పోవాలో పంచుకుంటాయని ఐస్‌లాండ్ రైతులు చెప్పుకునేవారు. మన ఇంటికి వచ్చిన కాకికి చలికాలమంతా మెతుకులు వేయాలి. కాకికి పెట్టినది ఊరికే పోదని అక్కడ సామెత. వాత్న్‌స్‌డాల్ అనే లోయలో 1545లో కొండచరియ విరిగి ఒక ఇంటిమీద పడింది. దాని గురించి ఒక కథ ఉంది. ఆ ఇంట్లో ఒక పిల్ల రోజూ కాకికి తిండి పెట్టేది. ఆ పొద్దున కాకి తిండి ముట్టకుండా కొంచెం ఎగిరి దూరంగా వాలింది. పిల్ల దగ్గరికి వెళితే ఇంకొంచెం దూరం పోయింది. అలా అలా ఊరి బయటిదాకా తీసుకువెళ్ళాక వెనక కొండ కూలింది. ఆ పిల్ల ఒక్కతే బతికింది. పితృదేవతల పేర కాకికి ముద్ద పెట్టి, అది ముట్టేదాకా పెరట్లో నిలబడి చూసే మనకు ఈ కథలో విడ్డూరం ఏమీ కనిపించదు.

మిగిలిన పక్షులు

గద్ద కథ చెప్పకపోతే మన పత్రికలో రాసే కవులు నొచ్చుకుంటారు. కవిత్వం వచ్చే మధువు ఒక రాక్షసుడి దగ్గర ఉండేది. ఓడిన్ దాన్ని దొంగిలించి, నోట నింపుకుని, గద్ద రూపంలో పారిపోయి వచ్చాడు. దేవతల కోటలో సిద్ధంగా పెట్టిన గంగాళాల్లో దాన్ని ఉమ్మాడు. అదే మంచి కవుల పాలు. కాని రాక్షసుడు కూడా గద్దయి వెంటపడి దగ్గరికి వచ్చేసరికి, తత్తరపాటులో కొంచెం వెనకవైపు నుంచి జారిపోయింది. దాన్ని ఎవరూ ఏరుకోలేదు. అది చెడ్డ కవుల వాటా అని స్నోరీ నిస్సంకోచంగా రాశాడు. కావ్యం మొదట్లో కుకవి నింద చేయడం మన పూర్వకవులకు ఆచారమే గాని, ఇంత ఘాటుగా ఎవరూ అన్నట్టు లేదు.

ఫ్రేయాకు డేగ ఈకల అంగీ ఉంది. అది తొడుక్కుంటే ఎగరవచ్చు. లోకి అనే టక్కరి దేవుడు అవసరానికి దాన్ని అరువు అడుగుతుంటాడు. విధిని రాసే ఊర్ద్ అనే దేవత బావిలో రెండు హంసలు ఉంటాయి. లోకంలోని హంసలన్నీ వాటి సంతానమే. ప్రళయానికి ముందు మూడు లోకాల్లో మూడు కోళ్ళు కూస్తాయి.

అన్నిటికన్నా చిన్న పిట్టలు సిగూర్డ్ కథలో ఉన్నాయి. సిగూర్డ్ అనే వీరుడు ఫాఫ్నిర్ అనే మహాసర్పాన్ని చంపి, తన పెంపుడు తండ్రి కోసం దాని గుండెను నిప్పుల మీద కాలుస్తున్నాడు. ఉడికిందో లేదో చూద్దామని వేలు పెట్టాడు. కాలింది. వేలు నోట్లో పెట్టుకున్నాడు. నాలుకకు ఆ నెత్తురు తగలగానే పక్కన చెట్టుమీది పిట్టల మాటలు అర్థమయ్యాయి. ఆ పెంపుడు తండ్రే నిన్ను చంపబోతున్నాడని అవి చెప్పుకుంటున్నాయి. స్వీడన్‌లో రామ్‌సుండ్ అనేచోట పెద్ద బండ మీద ఈ కథంతా చెక్కి ఉంది. నోట్లో వేలు పెట్టుకున్న సిగూర్డ్, చెట్టుమీద పిట్టలు, కింద కట్టేసిన గుర్రం, అన్నీ చక్కగా కనిపిస్తాయి. 11వ శతాబ్దపు చెక్కడం అది. చెక్కించింది సిగ్రిద్ అనే ఆవిడ. చచ్చిపోయిన వారి ఆత్మశాంతికి వంతెన కట్టించి, పక్కన బండమీద క్రైస్తవ ప్రార్థనతో శాసనం వేయించి, చుట్టూ మాత్రం ఈ పాత కథ పెట్టించింది. నమ్మకాలు మారినా మనసుకు నచ్చిన కథను వదులుకోవడం ఆడవారికి అంత తేలిక కాదేమో!

బదనిక చేసిన పని

బాల్డర్‌కు పీడకలలు రావడం మొదలయింది. తల్లి ఫ్రిగ్ హడలిపోయి నిప్పు, నీరు, ఇనుము, రాళ్ళు, చెట్లు, రోగాలు, జంతువులు, పక్షులు, పాములు అన్నిటి దగ్గరా నా కొడుక్కు హాని చేయమని ఒట్టు వేయించుకుంది. దేవతలకు అది ఆట అయిపోయింది. బాల్డర్‌ను నిలబెట్టి రాళ్ళు రువ్వడం, కత్తులు విసరడం, ఏదీ తగలకపోతే నవ్వుకోవడం. లోకి ఆడవేషంలో ఫ్రిగ్ దగ్గరకు వెళ్ళి, అన్నీ ఒట్టు వేశాయా అమ్మా అని అడిగాడు. ఒక్క బదనిక మాత్రం మరీ లేత మొక్క, దాన్ని ఏం అడుగుతాంలే అని వదిలేశాను అంది. అంతే. లోకి ఆ పుల్ల తెచ్చి, ఆటలో చేరలేక పక్కన నిలబడిన గుడ్డివాడైన సోదరుడు హోడ్ చేతికిచ్చి, నేను గురి చూపిస్తాను నువ్వు విసురు అన్నాడు. బాల్డర్ కుప్పకూలాడు. లోకంలో ప్రతి వస్తువూ ఏడిస్తే అతన్ని తిరిగి పంపిస్తానంది మృత్యుదేవత. అన్నీ ఏడ్చాయి, ఒక్క రాక్షసి తప్ప. ఆ రాక్షసి లోకినే అంటారు.

బదనిక అంటే మామిడి తోటలున్న వారికి చెప్పనక్కర లేదు. నేలలో వేరు లేకుండా చెట్టుకొమ్మ మీదనే పుట్టి, ఆ చెట్టు రసం తాగి బతుకుతుంది. పిట్టలు దాని పండు తిని, జిగురు గింజను ముక్కుతో కొమ్మకు రాస్తే అక్కడ మొలుస్తుంది. ఐరోపా బదనిక మన బదనిక కాదు గాని స్వభావం అదే. శీతకాలంలో చెట్టంతా మోడై ఉంటే ఇది మాత్రం పచ్చగా ఉంటుంది. నార్వేలో ఓస్లో పరిసరాల్లో పెరుగుతుంది, ఐస్‌లాండ్‌లో అసలు లేదు. అంటే ఈ కథను మనదాకా తెచ్చిన ఐస్‌లాండ్ వాళ్ళు ఆ మొక్కను సొంత ఊళ్ళో కంటితో చూసినవారు కారు. పేరు మాత్రం భద్రంగా దాచుకున్నారు. పద్యంలో అది సన్నగా పొడుగ్గా నేలమీద పెరిగిన మొక్కలా కనిపించడానికి కారణం ఇదేనని పండితులంటారు.

మేరీమాత వచ్చిన తరువాత కొన్ని పేర్లు మారాయి. ఐస్‌లాండ్‌లో తోక ఆడించుకుంటూ వాకిట్లో తిరిగే నలుపు తెలుపు పిట్ట పేరు 'మరియుఎర్లా'. ఆకు మీద మంచుబొట్టు ముత్యంలా నిలిచే ఒక మొక్క పేరు 'మరియుస్టక్కుర్', మేరీ పైవస్త్రం అని. ఇలాంటి పేర్లలో కొన్ని అంతకు ముందు ఫ్రేయావో ఫ్రిగ్‌వో అయి ఉండాలని కొందరు పరిశోధకుల వాదన. కాని అన్నీ మారలేదు. ఆకుపచ్చ పూలు పూసే ఒక చిన్న ఆర్కిడ్‌ను ఈనాటికీ 'ఫ్రిగ్ గడ్డి' అంటారు. నీలి రంగు వయొలెట్ పువ్వు ఒకటి యుద్ధదేవత టీర్ పేరు మోస్తోంది. మేరీ మొక్క పక్కనే ఫ్రిగ్ మొక్క ఒకే గట్టు మీద పెరుగుతుంది, ఏ తగాదా లేదు.

ఓడిన్‌కు ఇంగ్లండులో వోడెన్ అని పేరు. అక్కడి పాత వైద్య గ్రంథమొకదానిలో తొమ్మిది మూలికల మంత్రం ఉంది. రాత ప్రతి సుమారు వెయ్యేళ్ళ నాటిది. వోడెన్ పామును తొమ్మిది ముక్కలు చేశాడని చెప్పే ఆ మంత్రంలో మొట్టమొదట పిలిచేది, మూలికల్లో అందరికన్నా పెద్దదానివి నీవు అని పొగిడేది ఏ మొక్కనో తెలుసా? మాచిపత్రిని. మన పుస్తకాల్లో మాచిపత్రికి చెప్పే ఆర్టెమీసియా వల్గారిస్ అన్న శాస్త్రనామమే దానిదీ. వినాయక చవితి నాడు 21 పత్రాల్లో మనం మొదట వేసేదీ మాచిపత్రే గదా! ఇందులో చుట్టరికం వెతకనక్కర లేదు. ఘాటైన వాసన, పురుగును తోలే గుణం చూసి ఎవరికి వారు దాన్ని పెద్దపీట మీద కూర్చోబెట్టి ఉంటారు.

ఈనాటి భక్తులు

1972లో ఐస్‌లాండ్‌లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే రైతు, కవి, మరికొందరితో కలిసి పాత దేవుళ్ళ భక్తుల సంఘం స్థాపించాడు. మరుసటి ఏడు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 4 లక్షల జనాభా కూడా లేని దేశంలో ఆ సంఘ సభ్యులు ఇప్పుడు 5 వేలు దాటారు. పండుగ నాడు ఆరుబయట నిప్పు వెలిగించి, పద్యాలు చదివి, కొమ్ముపాత్రలో పానీయం చేతులు మార్చుకుంటూ దేవుళ్ళ పేర, పెద్దల పేర తలచి తాగుతారు, కొంత నేలమీద పోస్తారు. జంతుబలి లేదు. 20వ శతాబ్దంలో నాజీలు, ఆ తరువాత వాళ్ళ వారసులు ఈ చిహ్నాలను తమ జాతి గర్వానికి వాడుకున్నారు. ఈ సంఘం మాత్రం జాతి ఆధిక్య వాదానికీ యుద్ధోన్మాదానికీ తమ మతంలో చోటు లేదని బహిరంగంగా ప్రకటించింది. ఇది చెప్పుకోదగిన విషయం.

అమెరికాలో, ఇంగ్లండులో కూడా ఇలాంటి భక్తులున్నారు. ఇంట్లో చిన్న అరుగు మీద గిన్నెలో నీళ్ళు, కాలిబాట పక్క నుంచి కోసుకొచ్చిన పూలు, ఒక కాకి బొమ్మ. ఇక్కడొక చిక్కుంది. కాకి ఈక కింద పడి దొరికినా ఇంట్లో పెట్టుకోవడం అమెరికాలో నేరం. వలస పక్షుల రక్షణకు 1918లో చేసిన చట్టం కిందికి కాకి కూడా వస్తుంది. అందుకని బొమ్మతో, కోడి ఈకతో సరిపెట్టుకుంటారు.

ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. ఈ భక్తుల కోసం వచ్చే పుస్తకాల్లో ఈ దేవతకు ఈ పువ్వు, ఈ దేవుడికి ఈ పక్షి అని పట్టికలు కనిపిస్తాయి. వాటిలో చాలా భాగానికి పాత గ్రంథాల్లో ఆధారం లేదు, ఈ మధ్యకాలంలో ఊహించి కూర్చినవే. తాతల నాటి నగ పోయిందని గిల్టు నగ చేయించి, ఇది తాతల నాటిదే అని చెప్పినట్టు ఉంటుంది. వాళ్ళలో నికార్సయిన వారు చాలామంది ఒక మర్యాద పాటిస్తారు. గ్రంథంలో ఉన్నది ఇది, నా మనసుకు తోచినది ఇది అని విడదీసి చెబుతారు. కిటికీ మీద వాలిన పిచ్చుకలో ఫ్రిగ్ కనిపించిందంటే కాదనేవాళ్ళెవరు? కాని దాన్ని వెయ్యేళ్ళ ఆచారమని పిల్లలకు చెప్పకూడదు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఊరికి దూరంగా ఉండి, వ్రతానికో పెళ్ళికో ఆనవాయితీ ఏమిటని అమ్మమ్మలను ఫోనులో అడిగి తెలుసుకునే మన కుటుంబాలకు ఇందులోని కష్టం వేరే చెప్పాలా?

చివరగా పశ్చిమ తీరాన ఉన్న పాఠకులకు ఒక మాట. ఐస్‌లాండ్‌లోనూ డెన్మార్క్‌లోనూ ఒక చిన్న నీటి పిట్టను 'ఓడిన్ కోడి' అంటారు. పిచ్చుక కన్నా కాస్త పెద్దది. ఇందులో ఆడపక్షికే రంగులెక్కువ. గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పొదిగేదీ పిల్లలను సాకేదీ మగపక్షి. ఐస్‌లాండ్ పిట్టలు చలికాలానికి పసిఫిక్ మహాసముద్రం వైపు పోతాయి. స్కాండినేవియా పిట్టలు మాత్రం అరేబియా సముద్రానికి వస్తాయి. మహారాష్ట్ర, కర్ణాటక తీరాల్లో చలినెలల్లో కొన్ని ఒడ్డుకు, ఉప్పు మళ్ళకు కూడా చేరుతుంటాయి. అప్పటికి రంగులు పోయి బూడిద, తెలుపు మిగులుతాయి, కంటి వెనక నల్లమచ్చ ఉంటుంది. నీటి మీద బొంగరంలా గిరగిరా తిరుగుతూ, ఆ సుడికి పైకి లేచిన పురుగులను ముక్కుతో టకటకా ఏరుకు తింటుంటే గుర్తు పట్టవచ్చు.